చిల్లరలోంచే నాణేల సేకరణ

నాణేల సేకరణకు వరహాలూ మొహరీలూ కొనగల స్తోమత ఉండాలని చాలామంది భావిస్తారు. నేను మాత్రం అనంతపురంలో కిరాణా అంగళ్లలోనూ ఆర్టీసీ బస్సుల్లోనూ తిరిగి ఇచ్చే చిల్లరతోనే మొదలుపెట్టాను, అందుకు ఎంతో సంతోషిస్తున్నాను.

ముందుగా టంకశాల గుర్తులు, అంటే నాణేన్ని ఏ ఊరి టంకశాలలో (నాణేలు ముద్రించే చోట) ముద్రించారో తెలిపే గుర్తులు చదవడం నేర్చుకున్నాను. ముద్రించిన సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు, వజ్రాకారం ఉంటే ముంబయి, గుండ్రని చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. కనుక ఒకే ఏడాది వెలువడిన రూపాయి నాణేలు కూడా సేకరించేవారికి వేర్వేరు నాణేలే.

ప్రస్తుతం నా దృష్టి అంతా 10 రూపాయల నాణేలపైనే ఉంది. అవి చెల్లవన్న అపోహతో మన అంగళ్లలో కొందరు వాటిని పుచ్చుకోవడం లేదు గాని, అప్పటికి చలామణిలో ఉన్న 14 రకాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లోనే స్పష్టంగా ప్రకటించింది. ఆ 14 రకాల ముఖవిలువ మొత్తం 140 రూపాయలే, అంటే ఒక విద్యార్థి కూడా ఈ సేకరణను నెరవేర్చుకోవచ్చు. 2011 జూన్ 30తో చెల్లుబాటు పోయిన పావలాలు ఇంటి పాత డబ్బాలలో వెతికితే దొరుకుతాయి. సేకరించేవారి కోసమే ప్రత్యేకంగా ముద్రించి టంకశాలలు అమ్మే ప్రూఫ్ సెట్ల జోలికి నేను ఇంకా వెళ్లలేదు.

నాణేలను చింతపండుతో తోమవద్దని మాత్రం గట్టిగా చెబుతాను, తోమితే సహజమైన పైపూత పోయి సేకరణ విలువ తగ్గుతుంది.

పార్లమెంటు 60 ఏళ్ల సందర్భంగా వెలువడిన 10 రూపాయల నాణెం నాకింకా దొరకలేదు. మీ గల్లాపెట్టెలో ఉంటే దయచేసి తెలియజేయండి, ముఖవిలువ ఇచ్చి తీసుకుంటాను.