నాలుగో మెడికల్ షాపు

"మార్ఫినా? అవి మేం పెట్టం బాబూ" అని చీటీ పూర్తిగా చదవకుండానే వెనక్కి ఇచ్చేశాడాయన. పొద్దున్నుంచి అది నాలుగో మెడికల్ షాపు. పెదనాన్నకు క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. రాత్రంతా నొప్పికి పళ్లు బిగబట్టుకుని కూర్చునే ఉన్నారు.

నేనింకా అక్కడే నిలబడి ఉన్నాను. కాలేజీ కుర్రాడొకడు వచ్చి ఆల్ప్రాజోలం అడిగాడు, ఆందోళన తగ్గించే మాత్ర. చీటీ లేదు. షాపాయన కత్తెరతో ఆరు మాత్రలు కత్తిరించి ఇచ్చేశాడు. అది షెడ్యూల్ హెచ్‌1 మందు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోది. రోగి పేరు, డాక్టర్ పేరు రిజిస్టర్‌లో రాయాలి, ఆ రిజిస్టర్ 3 ఏళ్లు దాచాలి. దాన్ని ఎవరూ తెరవలేదు. డబ్బులిస్తుంటే ఆ పిల్లాడి వేళ్లు వణికాయి. అదే కళ్లముందు తిరుగుతోంది.

కట్టడి వద్దని నేననను. 2018లో ట్రమడాల్ అనే నొప్పి మాత్రను ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల కట్టడి చట్టం కిందికి తెచ్చారు, మంచిదే. కానీ అదే చట్టాన్ని 2014లో సవరించింది మార్ఫిన్ లాంటి మందులు నొప్పితో ఉన్నవాళ్లకు సులువుగా అందాలనే కదా! రకరకాల లైసెన్సుల చిక్కు తీసేశారు. ఆ సంగతి మా పెదనాన్న దాకా ఇంకా రాలేదు.

చివరికి క్యాన్సర్ ఆసుపత్రి ఫార్మసీలో దొరికాయి. చీటీ చూశారు, వివరాలు రాసుకున్నారు, నాతో సంతకం పెట్టించుకున్నారు. మొత్తం పది నిమిషాలు.

సాయంత్రం మాత్ర వేసుకున్నాక పెదనాన్న పెరుగన్నం అడిగారు. మూడు రోజుల తర్వాత ఆయన నోరు తెరిచి తిండి అడగడం ఇదే.