ఎల్ బోర్డు తీసేశాక

ఎల్‌ఎల్‌ఆర్ (కారు నేర్చుకోవడానికి ఇచ్చే లైసెన్స్) వచ్చిన నెల దాటాక స్లాట్ బుక్ చేసుకుని, ట్రాక్ మీద ఎనిమిది అంకె, హెచ్ తిప్పి చూపించి పాసయ్యాను. నలభై మూడేళ్లకి. కార్డు పోస్టులో రాకముందే డిజిలాకర్‌లో లైసెన్స్ కనిపించింది.

టెన్షన్ ఆ మర్నాడు మొదలైంది. వెనక అద్దానికున్న ఎర్ర ఎల్ తీసేయాలా, ఉంచాలా? ఉంచితే వెనకొచ్చేవాళ్లు కాస్త దయతలుస్తారని మావారు. "తీసెయ్యమ్మా, దొంగ బోర్డు అది" అన్నాడు బాబాయి. ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆ బోర్డుంటే లోపల నేర్చుకునేవాళ్లు, పక్కన లైసెన్సున్న మనిషి ఉన్నారని అర్థమట. దానికి కొలత కూడా ఉంది: ఒక్కో వైపు కనీసం 18 సెంటీమీటర్లున్న తెల్ల పలక, దాని మీద కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు ఎర్ర అక్షరం. కొత్తగా లైసెన్స్ వచ్చినవాళ్లకి మాత్రం మన దగ్గర వేరే గుర్తేమీ లేదు. మొన్నటిదాకా పక్కన మనిషి లేకుండా కదలకూడదు, ఇవాళ హైవే మీద ఒక్కదాన్నే గంటకి వంద కిలోమీటర్లతో పోవచ్చు. ఇదేం పద్ధతో!

అందుకని బాబాయే ఓ పద్ధతి పెట్టాడు. మూడు ఆదివారాలు పొద్దున్నే ఆరింటికి పక్కన కూర్చుని విజయవాడంతా తిప్పించాడు. రాత్రి ప్రయాణం వద్దు, పాటలు వద్దు, ఫోన్ వెనక సీట్లో బ్యాగులో. లారీ పక్కన వెళ్తుంటే ఒకటే మాట: "దాని అద్దంలో డ్రైవరు మొహం నీకు కనపడలేదా? అయితే నువ్వూ అతనికి కనపడవు. అక్కడే ఉండిపోకు." డ్రైవింగ్ స్కూల్లో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు. ముందు బండి ఒక స్తంభం దాటాక నేను మూడు లెక్కపెట్టేలోపు ఆ స్తంభం రాకూడదు, వానైతే ఆరు. మొదట్లో పైకే లెక్కపెట్టేదాన్ని. బెంజ్ సర్కిల్ దగ్గర ఆ మూడు ఎప్పుడూ పూర్తికాలేదనుకోండి, సందు కనిపిస్తే చాలు ఆటో దూరేది.

నాలుగో ఆదివారం ఒక్కదాన్నే గుంటూరు బయల్దేరాను. వారధి దాటాను, మంగళగిరి దాటాను. కాజ టోల్‌గేట్ దగ్గరికొచ్చేసరికి కుండపోత. ముందు కార్లన్నీ నాలుగు ఇండికేటర్లూ టపటపా వెలిగించుకుని పోతున్నాయి. నేనూ వేశాను. కాసేపటికి ఎడమ లైన్లోకి మారదామని ఇండికేటర్ పుల్ల నొక్కాను. ఏ తేడా లేదు. నాలుగూ వెలుగుతుంటే నేను ఎటు తిరుగుతున్నానో వెనకవాళ్లకి తెలిసేదెలా? ఓ లారీ చెవులదిరేలా హారన్ కొట్టి పక్కనుంచి పోయింది. చేతులు వణికాయి. ఆ లైట్లు ఆపి, హెడ్‌లైట్లు డిమ్‌లో వేసుకుని, నెమ్మదిగా ఓ పెట్రోల్ బంకులోకి తిప్పి వాన తగ్గేదాకా కూర్చున్నాను.

బాబాయికి ఫోన్ చేసి చెప్పాను. తిడతాడనుకున్నా. "ఆగిన బండికమ్మా ఆ లైట్లు, నడిచే బండికి కాదు. టీ తాగి బయల్దేరు" అన్నాడు.

ఎల్ స్టిక్కర్ ఆ సాయంత్రమే గీకేశాను. జిగురు మరక మాత్రం కిరసనాయిలుకీ వదల్లేదు.