ఓక్లహోమాలో లాఫ్రిడ్జ్ బడులు వెతుక్కుంటూ

డాలస్ నుంచి ఓక్లహోమా వెళ్లే తెలుగువాళ్లలో చాలామంది క్యాసినోల కోసమో టర్నర్ ఫాల్స్ కోసమో వెళ్తారు. మేము ఒక పాత నిఘంటువు పట్టుకుని వెళ్లాం. 1890లో సెయింట్ లూయిస్‌లో అచ్చయిన ఇంగ్లిష్-మస్కోగీ నిఘంటువుకి అది రీప్రింటు. గుంటూరులో తెలుగు మాస్టారుగా రిటైరైన మామయ్యగారు ఇక్కడికి వచ్చినప్పటి నుంచి దాన్ని వదల్లేదు. దాన్ని తయారుచేసిన రాబర్ట్ మెక్‌గిల్ లాఫ్రిడ్జ్ అనే ప్రెస్బిటేరియన్ మిషనరీ, మస్కోగీ భాష మాట్లాడే క్రీక్ అనే అమెరికా ఆదివాసుల మధ్య ఎక్కడెక్కడ బతికాడో చూడాలని ఆయన పట్టుబట్టారు.

హైవే 75 మీద తిన్నగా పోతే ఓక్మల్గీ వస్తుంది. ఊరి నడిబొడ్డున క్రీకుల పాలక సభ కూర్చున్న క్రీక్ కౌన్సిల్ హౌస్ ఉంది. 1878లో ఇసుకరాయితో కట్టిన రెండంతస్తుల భవనం. రాజుల సభ, యోధుల సభ అని రెండు సభలు అందులో కూర్చునేవి. మధ్యలో చాలాకాలం చేయిజారిన ఆ భవనాన్ని క్రీకుల ప్రభుత్వమైన క్రీక్ నేషన్ 2010లో తిరిగి కొనుక్కుంది. గోడ దగ్గరికి వెళ్లి చెయ్యి పెడితే రాయి గరుకుగా తగిలింది, ఎండకి వేడెక్కి ఉంది.

లాఫ్రిడ్జ్ వచ్చేసరికి ఈ భవనం లేదు కానీ, కౌన్సిల్ ఉంది. అతని కథ నాకు అర్థమైంది అక్కడే. 1830ల్లో అమెరికా ప్రభుత్వం క్రీకులను అలబామా నుంచి సైన్యంతో తరిమి ఇక్కడికి పంపింది. దారిలో, వచ్చిన కొత్తలో ఎంతోమంది చనిపోయారు. ఆ గాయం మానకముందే, 1841లో, అదే అలబామా నుంచి ఈయన గుర్రం మీద వచ్చి బడి పెడతాను, బోధ చేస్తాను అన్నాడు. వాళ్లు సరేనన్నారు, కానీ షరతు పెట్టారు: బడి పెట్టుకో, ప్రార్థన మాత్రం ఆ ఆవరణలోనే, ఊళ్లలో బోధించడానికి వీల్లేదు. కొత్త మతం పుచ్చుకున్నవాళ్లని కొరడాలతో కొట్టిన రోజులవి. ఆ దెబ్బలు తిన్నవాళ్లలో క్రీకుల దగ్గర బానిసలుగా ఉన్న నల్లజాతివాళ్లూ ఉన్నారు.

మిషనరీ అంటే ఏదో తానే వచ్చి జనాన్ని మార్చేసినట్టు చదివాం చిన్నప్పటి నుంచి. ఇక్కడ గుమ్మం దగ్గర నిలబెట్టి, లోపలికి ఎంతవరకు రావాలో వాళ్లే చెప్పారు. నాకది చాలా గొప్పగా అనిపించింది.

1843లో కొవెటా దగ్గర దుంగల ఇంట్లో మొదటి బడి మొదలైంది. ఇప్పుడు కొవెటా టల్సాకి దగ్గర్లో పెరుగుతున్న ఊరు, కొత్త ఇళ్లు, స్కూలు బస్సులు. ఆ దుంగల ఇంట్లోకి కాపురానికి వచ్చిన మొదటి భార్య ఒలీవియా 1845లో పోయింది. రెండో భార్య మేరీ 1850లో పోయింది. చిన్నపిల్లలని పెట్టుకుని కూడా ఆయన బడి మూయలేదు. ఆ పట్టుదలకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది, ఆ ఇద్దరు భార్యల గురించి ఎవరూ పెద్దగా రాయలేదే అని బాధా కలుగుతుంది.

తలహాసీ అనే ఊరికి వెళ్లే దారిలో ఆర్కాన్సా నది దాటాం. మట్టిరంగు నీళ్లు, మధ్యలో ఇసుక మేటలు. 1850లో లాఫ్రిడ్జ్ ఇక్కడ మూడంతస్తుల ఇటుక భవనంలో 80 మంది మగపిల్లలు, ఆడపిల్లలు ఉండి చదువుకునే బడి తెరిచాడు. చదువుతో పాటు పొలంలో, వంటింట్లో పని. ఖర్చులో క్రీకుల సొమ్మూ ఉంది. తర్వాత వాళ్ల ముఖ్యనాయకుడైన ప్లెజెంట్ పోర్టర్ ఈ బడి పిల్లవాడే. ఇక్కడ టీచరమ్మగా ఉన్న ఆన్ ఎలైజా రాబర్ట్‌సన్ బైబిల్లోని కొత్త నిబంధనని క్రీకు భాషలోకి తెచ్చింది. అది 1887లో వెలువడింది. అయితే ఇంటి నుంచి, ఇంటి ఆచారాల నుంచి పిల్లల్ని దూరంగా ఉంచడం కూడా ఈ బడుల ఉద్దేశాల్లో ఒకటి. అది నాకు నచ్చలేదు, నచ్చినట్టు రాయను.

అంతర్యుద్ధం రాగానే 1861లో బడి మూతపడింది, లాఫ్రిడ్జ్ టెక్సాస్‌కి వెళ్లిపోయాడు. 1880 డిసెంబరులో భవనం కాలిపోయింది. క్రీక్ కౌన్సిల్ ఆ స్థలాన్ని బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్ల పిల్లల బడికి ఇచ్చేసి, తమ పిల్లల కోసం వియలాకాలో ఇంకోటి కట్టింది. డెబ్భై దాటిన లాఫ్రిడ్జ్ దాన్ని నడపడానికి తిరిగొచ్చాడు. తలహాసీ ఈరోజుకీ నల్లజాతివాళ్ల ఊరే, ఓక్లహోమాలో అలాంటి ఊళ్లలో పాతది.

పోర్టర్ అనే ఊరి దగ్గర పీచ్ పళ్లు కొనుక్కుని చెట్టు కింద కూర్చున్నాం. మామయ్యగారు నిఘంటువు మొదటి పేజీ తెరిచి చూపించారు. లాఫ్రిడ్జ్ పేరు పక్కనే ఎల్డర్ డేవిడ్ ఎం. హాడ్జ్ పేరు, ఇంటర్‌ప్రెటర్ అని.

"బ్రౌన్ దొర నిఘంటువు మొదటి పేజీలో జూలూరి అప్పయ్యగారి పేరు ఎప్పుడైనా చూశావా అమ్మా?" అన్నారు.

"లేదండీ."

"బ్రౌన్ కొలువులో ఎంతమంది పండితులు! ఒక్క పేరూ లేదు. ఇక్కడ చూడు."

ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసి గుంటూరులో ఉన్న తన పాత స్నేహితులకి అప్పటికప్పుడు వాట్సాప్‌లో పంపారు. లాఫ్రిడ్జ్ 1900లో పోయింది వేకోలో అని కూడా వాళ్లకి చెప్పారు. వేకో మా ఇంటికి గంటన్నర ప్రయాణం. ఆయన ఇండియా వెళ్లేలోపు అక్కడికీ తీసుకెళ్లాలి.