మళ్లీ వస్తుందా? ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత కణితి ముక్క చెప్పేది

ప్రోస్టేట్ తీసేశాక నన్ను తొలిచేసిన ప్రశ్న ఒక్కటే: మళ్లీ వస్తుందా? దానికి జవాబు కొంత రక్తంలో, కొంత తీసేసిన గ్రంథిలో ఉంటుంది. రక్తం సంగతి తేలిక. పీఎస్‌ఏ (ప్రోస్టేట్ కణాలు తయారుచేసే ప్రోటీన్) ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకోసారి సగానికి పడిపోతుంది కాబట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాలకు పరీక్షలో దాదాపు కనిపించకుండా పోవాలి. నాకు పోయింది. మిగిలిన జవాబు, తీసేసిన గ్రంథి ముక్కలను భద్రపరిచే మైనం దిమ్మలో ఉంది.

నా పాథాలజీ రిపోర్టులో గ్లీసన్ 3+4 అని ఉంది, అంటే కణితి దూకుడు చెప్పే గ్రేడులో ఎక్కువ భాగం 3 నమూనా, తర్వాతది 4. కణితి గ్రంథి హద్దు దాటి కాస్త బయటికి వచ్చింది, మార్జిన్ పాజిటివ్, అంటే కోసిన అంచు దాకా కణితి ఉంది. వీర్యకోశాల్లో, లింఫ్ గ్రంథుల్లో ఏమీ లేదు. ఆపరేషన్‌కు ముందు పీఎస్‌ఏ 8.2. ఆపరేషన్ తర్వాత తిరగబెట్టే ముప్పును అంచనా వేసే కాప్రా-ఎస్ లెక్కలో పీఎస్‌ఏకు 1, గ్లీసన్‌కు 1, మార్జిన్‌కు 2, హద్దు దాటినందుకు 1, మొత్తం 5. రెండు వరకు తక్కువ ముప్పు, ఆరు నుంచి ఎక్కువ. నాది మధ్యలో పడింది. కణితి ముక్క మీద చేసే జన్యు పరీక్ష నిజంగా పనికొచ్చేది ఇలాంటి చోటే.

దానికి ముందు రిపోర్టునే పూర్తిగా రాయించుకోవాలి. 'మార్జిన్ పాజిటివ్' అన్నంత మాత్రాన సరిపోదు. సిరా పూసిన అంచును కణితి ఎన్ని మిల్లీమీటర్ల మేర తాకింది, తాకిన చోట ఉన్నది గ్లీసన్ 3 నమూనానా, 4 నమూనానా అని అడగాలి. మూడు మిల్లీమీటర్ల లోపు, అదీ 3 నమూనా అయితే భయం తక్కువ. క్రిబ్రిఫార్మ్ నమూనా (జల్లెడలా రంధ్రాలున్న కణాల అమరిక) ఉందా, ప్రోస్టేట్ నాళాల లోపల క్యాన్సర్ ఉందా అన్నదీ అడగాలి. ఈ రెండూ మంచి సూచనలు కావు. గ్లీసన్ అంకె ఒకటే ఉన్న ఇద్దరి భవిష్యత్తు వేరవడానికి ఇవి పెద్ద కారణం.

కణాల పెరుగుదలకు కళ్లెం వేసే ప్రోటీన్ పీటీఈఎన్. దాన్ని చూసే రంగు పరీక్షలో ఒక మెలిక ఉంది. కణితి కణాలకు రంగు పట్టకపోతే ఆ ప్రోటీన్ పోయిందని, ముప్పు పెరిగిందని అర్థం. కానీ అదే స్లైడ్‌లో పక్కనున్న మామూలు గ్రంథులకు, వాటి మధ్య కణజాలానికి రంగు పట్టి తీరాలి. వాటికీ పట్టలేదంటే పరీక్షే విఫలమైందన్నమాట, అప్పుడు దాన్ని 'పోయింది' అని రాయకూడదు. కణ విభజనను చూపే మరో రంగు పరీక్ష కేఐ-67లో అంకె పెరిగితే కణాలు వేగంగా విభజన చెందుతున్నట్టే, అయితే ఎంత శాతం దాటితే ఎక్కువ అన్నది ల్యాబును బట్టి మారుతుంది. ఒక్క ఆ అంకె మీద నిర్ణయం తీసుకోవడం నాకు సమ్మతం కాదు. ఈఆర్‌జీ కలయిక (ఈ జన్యువు మరో జన్యువుతో అతుక్కోవడం) చాలామందిలో కనిపిస్తుంది, తిరగబెట్టడం గురించి మాత్రం నమ్మదగ్గ కబురు చెప్పదు.

డెసైఫర్ అనే జన్యు పరీక్ష 22 జన్యువుల ఆర్‌ఎన్‌ఏ చూసి 0 నుంచి 1 మధ్య అంకె ఇస్తుంది. 0.45 లోపు తక్కువ, 0.60 దాటితే ఎక్కువ. నాకు 0.38 వచ్చింది. ఆ అంకె ముఖ్యంగా చెప్పేది క్యాన్సర్ వేరే చోట్లకు పాకే ముప్పు గురించి. పీఎస్‌ఏ ఎప్పటికీ పెరగదన్న హామీ అందులో లేదు.

ఇక్కడ పొరపాట్లు జరిగేది దిమ్మ ఎంపికలో. ప్రోస్టేట్‌లో తరచూ ఒకటి కంటే ఎక్కువ కణితులుంటాయి. ఎక్కువ గ్రేడు ఉన్న ముక్కను పాథాలజిస్టే గుర్తు పెట్టి పంపాలి. చిన్న, తక్కువ గ్రేడు కణితి వెళ్తే అంకె తప్పుడు ధైర్యాన్నిస్తుంది. గ్రంథి ఫార్మలిన్‌లో సరిగా నానకపోయినా, దిమ్మ ఏళ్ల తరబడి పాతబడినా ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోయి ఫలితం రాకపోవచ్చు.

ఈ లెక్కలన్నీ కలిపి చూసి డాక్టరు, నేను వెంటనే రేడియేషన్ వద్దనుకున్నాం. 2020లో వెలువడిన రాడికల్స్ అనే క్లినికల్ ట్రయల్ ఫలితాల్లోనూ, ముందే రేడియేషన్ ఇవ్వడం వల్ల పీఎస్‌ఏ పెరిగాక ఇచ్చినదానికంటే మేలేమీ కనబడలేదు, మూత్రం జారే ఇబ్బంది మాత్రం ఎక్కువైంది. ఆ వ్యవధిలో కటి కండరాల వ్యాయామంతో నాకు మూత్రం మీద పట్టు తిరిగి వచ్చింది.

ఇప్పుడు పీఎస్‌ఏ ఎప్పుడూ ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో చేయిస్తాను. 0.2 చేరి, రెండో పరీక్షలోనూ అదే తేలితే తిరగబెట్టినట్టు లెక్క. రేడియేషన్ ఇవ్వాల్సి వస్తే 0.5 దాటకముందే మొదలుపెట్టడం మేలు. పెరుగుదల మొదలైతే ఎన్ని నెలలకు రెట్టింపవుతోందో లెక్కించాలి, పాత దిమ్మను మళ్లీ తీయించాలి. అందుకే దిమ్మ నంబరు ఉన్న రిపోర్టు కాగితాన్ని పీఎస్‌ఏ కాగితాలతో కలిపే ఉంచుకున్నాను.