బ్రిక్ లేన్‌లో హాత్‌కొరా వాసన

లండన్‌లో ఆల్డ్‌గేట్ ఈస్ట్ స్టేషన్ దిగి ముందు ఆల్తాబ్ అలీ పార్కుకి వెళ్లాను. 1978 మే 4న పని ముగించుకుని ఇంటికి పోతున్న ఈ బంగ్లాదేశీ కార్మికుడిని జాతి ద్వేషంతో ఈ పక్కనే పొడిచి చంపారు. బంగ్లాదేశీల కర్రీ హోటళ్లకి పేరుపడ్డ బ్రిక్ లేన్ వీధి ఇక్కణ్ణుంచి రెండడుగులు. ఆ వీధిలో పొయ్యి వెలిగించుకోవడానికి వాళ్లు ఎంత పోగొట్టుకున్నారో తెలుసుకోకుండా పోయి కూర బాగుంది, బాగోలేదు అనడం నాకిష్టం లేదు.

వీధి పేర్లు బెంగాలీలో కూడా ఉన్నాయి, దీపస్తంభాలకు ఎరుపు, ఆకుపచ్చ రంగులు. ఒక మూల ఉన్న పాత ఇటుక భవనాన్ని 1743లో ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్లు చర్చిగా కట్టుకున్నారు, 1898లో అది యూదుల ప్రార్థనామందిరం అయింది, 1976 నుంచి మసీదు. అక్కడ ఒక టూర్ గైడ్ తన గుంపుతో "ఈ పేట తీరే అంత, ఒకళ్లు పోతారు, ఇంకొకళ్లు వస్తారు" అంటున్నాడు. నాకది మింగుడుపడలేదు. యూదు కుటుంబాలు చాలావరకు నాలుగు డబ్బులు కూడాక మంచి ఇళ్లు చూసుకుని మారాయి, బంగ్లాదేశీలు అద్దె కట్టలేక హోటల్ షట్టర్ దించేయడం అలాంటిదెలా అవుతుంది? 2000ల మధ్యలో ఇక్కడ 60 దాకా ఉన్న కర్రీ హోటళ్లు 2020 నాటికి 23కి వచ్చాయి. పక్కనే లండన్ బ్యాంకుల పేట, అద్దెలు అక్కణ్ణుంచి ఇటు పాకాయి. పాత ట్రూమన్ బీరు ఫ్యాక్టరీ స్థలంలో షాపులు, ఆఫీసులు కడతామంటే వేలమంది అభ్యంతరం చెప్పినా 2021లో కౌన్సిల్ ఒప్పుకుంది.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో కూర్చున్నాను. మెనూలో చికెన్ టిక్కా మసాలా, కోర్మా, అంతా ఇంగ్లీషువాళ్ల నాలుకకి తగ్గట్టు చేసినవే. వడ్డించే పెద్దాయనని "భాయ్, మీరేం తింటారో అదే పెట్టండి" అని అడిగాను. కాసేపు నన్నే చూసి లోపలికెళ్లి, అన్నం, పప్పు, హాత్‌కొరా వేసిన గొడ్డుమాంసం కూర తెచ్చారు. హాత్‌కొరా అంటే బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ వైపు పండే నిమ్మజాతి కాయ, దబ్బకాయని గుర్తుచేసే వాసన, తొక్కలో ఒక రకమైన చేదు. మొదటి ముద్దకి మొహం చిట్లించాను, మూడో ముద్దకి ఇంకొంచెం అడిగాను. ఈ వీధిలోని బంగ్లాదేశీలు ఎక్కువమంది సిల్హెట్ వాళ్లే, కానీ ఇన్నేళ్లు బోర్డు మీద "ఇండియన్" అని రాసుకునే బతికారు, వాళ్ల సొంత కూర వంటింటి వెనక్కే ఉండిపోయింది. హోటల్ మూతపడితే ముందు పోయేది ఇదే, మెనూలో లేదు కాబట్టి పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు.

మీ పిల్లలు నడుపుతారా అని అడిగాను. "వాళ్లు ఆఫీసుల్లో ఉన్నారు, మంచిదే కదా" అన్నారు. అద్దె సంగతి ఎత్తితే మాత్రం చేత్తో పైకి చూపించి ఊరుకున్నారు.

రాత్రి వీధి ఉత్తరం చివర, 24 గంటలూ తెరిచుండే యూదుల బైగల్ దుకాణం ముందు క్యూలో నిలబడ్డాను. నీళ్లలో ఉడికించి కాల్చిన ఆ రొట్టె వేడివేడిగా బాగుంది. దుకాణం నిలిచింది, సంతోషమే, కానీ ఇది తిని పెరిగిన ఇళ్లు చుట్టుపక్కల దాదాపు లేవు. పెద్దాయన హోటల్‌కి ఇదే జరిగితే దాన్ని కాపాడుకున్నట్టేనా అని క్యూలో ఉన్నంతసేపూ ఆలోచించాను. వంటవాళ్లు, తినేవాళ్లు ఆ పేటలోనే ఉండగలిగే అద్దెలుండాలి. బోర్డులు, పండగ తోరణాలు ఆ తర్వాత.

మర్నాడు మళ్లీ వెళ్లాను. బంగ్లాదేశీ కిరాణా కొట్లో కొన్న రెండు హాత్‌కొరాలు చూపిస్తే పెద్దాయన బిల్లు వెనక రాసిచ్చారు: తొక్కే వాడాలి, లోపలి గుజ్జు తీసేయాలి, కూర సగం ఉడికాకే వేయాలి. కింద ఇంకో రెండు లైన్లు బెంగాలీలో ఉన్నాయి. చదివించుకోవడానికి మనిషిని వెతుకుతున్నాను.