పద్మినికి కొత్త టైర్లు: వెడల్పు కాదు, ఎత్తు చూడండి

ప్రీమియర్ పద్మినికి టైర్లు కావాలని అడిగితే చాలా షాపుల్లో వచ్చే జవాబు ఒకటే, "ఆ సైజు రావట్లేదు సార్, వేరేది వేద్దాం." మొదటి సగం నిజమే. కంపెనీ నుంచి వచ్చిన సైజు 5.20-14, నైలాన్ టైరు. కారు తయారీ 2000 ప్రాంతంలోనే ఆగిపోయింది, ముంబైలో ఆఖరి పద్మిని ట్యాక్సీ కూడా 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. ఇప్పుడు షాపువాళ్లు మనకోసం ఆ సైజు తెప్పించి పెట్టుకుంటారని ఆశపడలేం. చిక్కంతా ఆ రెండో సగంతోనే, "వేరేది" అంటే ఏది?

మాది నాన్న 1985లో కొన్న కారు. ఈసారి టైర్లు గుండు కాలేదు, రోడ్డుకి ఆనే బటన్ బాగానే ఉంది. కానీ టైరు పక్క గోడల మీద, బటన్ల సందుల్లో సన్నటి పగుళ్లు వచ్చేశాయి. గోరుతో నొక్కితే రబ్బరు చెక్కలా తగులుతోంది. తక్కువ తిరిగే పాత కార్లన్నిటికీ ఇదే జబ్బు, టైరు అరిగిపోయేలోపే ముసలిదైపోతుంది. పైగా విజయవాడ ఎండలు. బటన్ ఉంది కదా అని అలాంటి టైర్లతో హైవే ఎక్కకండి, దయచేసి.

ఆటోనగర్‌లో ఒక షాపులో 155/65 ఆర్14 చూపించారు, చిన్న కార్లన్నిటికీ ఇదే వేస్తున్నాం అన్నారు. ఇంకో చోట అల్లాయ్‌లు పెట్టి 185 వెడల్పువి వెయ్యండి, లుక్ అదిరిపోతుంది అన్నారు. రిమ్ముకి పట్టడం వేరు, కారుకి సరిపోవడం వేరు. ఈ లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకుంటే ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

పాత టైరు మీద 5.20 అంటే దాని వెడల్పు అంగుళాల్లో, అంటే 132 మిల్లీమీటర్లు. ఆ కాలం టైర్లలో గోడ ఎత్తు కూడా దాదాపు అంతే ఉండేది, అందుకే నిష్పత్తి విడిగా రాసేవాళ్లు కాదు. ఇప్పటి సైజులో 165/80 తీసుకోండి. మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది అందులో గోడ ఎత్తు ఎంత శాతమో: 165లో 80 శాతం, సరిగ్గా 132. పైనా కిందా రెండు గోడలు, మధ్యలో 14 అంగుళాల రిమ్ము కలిపితే మొత్తం చక్రం ఎత్తు 620 మిల్లీమీటర్లు వస్తుంది, పాతదానికి బాగా దగ్గర. అదే 155/65 అయితే 557 మాత్రమే. అంటే కారు రెండున్నర సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది, మన స్పీడ్ బ్రేకర్ల మీద సైలెన్సర్ గీసుకుంటుంది. మీటరు 60 చూపిస్తుంటే నిజంగా వెళ్లేది 55 దగ్గర, ఇంజను మాత్రం ఊరికే ఎక్కువ తిరుగుతూ అరుస్తుంటుంది. 1089 సీసీ ఇంజను, నాలుగు గేర్లు, దాన్ని హైవే మీద అలా అరిపించడం నాకైతే ఇష్టం లేదు.

మరీ వెడల్పు టైర్లయితే ఇంకో బాధ. ఈ కారుకి పవర్ స్టీరింగ్ లేదు. వెడల్పు పెరిగేకొద్దీ పార్కింగ్‌లో భుజాలు నొప్పెడతాయి, లోపల మడ్‌గార్డుకి రాసుకునే ప్రమాదం ఉంది, పాత సన్న రిమ్ము మీద టైరు సరిగ్గా కూర్చోదు. 165కి రిమ్ము కనీసం నాలుగంగుళాల వెడల్పు ఉండాలి. చాలా పద్మినీలకు ఇప్పటికే రిమ్ములు మారిపోయి ఉంటాయి కాబట్టి కొనేముందు మీ రిమ్ము కొలిపించుకోండి.

165/80 ఆర్14లో ఇంకో సుఖం, ఇది స్విఫ్ట్, డిజైర్ కింది మోడళ్లకు వచ్చిన సైజు, కాబట్టి మండల కేంద్రంలో కూడా దొరుకుతుంది. లోడ్ ఇండెక్స్ 85 ఉన్నది తీసుకుంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది, మన కారుకి కావలసినంత.

సైజులో ఆర్ అంటే రేడియల్ టైరు. నాన్న మాత్రం పాత నైలానే అన్నారు. "నైలానే వెయ్యరా, గతుకుల్లో గోడ గట్టిగా ఉంటుంది." గోడ విషయంలో ఆయన మాట కరెక్టే. కానీ నైలాన్ టైరులో దారాలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా అల్లుకుని ఉంటాయి, కారు వారం రోజులు షెడ్డులో నిలబడితే కింద ఆనినచోట చదునై, బయల్దేరిన మొదటి కొన్ని కిలోమీటర్లు దడదడమంటుంది. రోడ్డు మీద లారీ చక్రాల గాడులు పడి ఉంటే స్టీరింగ్ వాటి వెంటే లాగుతుంది. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా వెళ్తాయి, బటన్ కింద స్టీలు పట్టీ ఉంటుంది. గోడ మెత్తగా, బటన్ గట్టిగా. వానలో బ్రేకు కొట్టినప్పుడు తేడా తెలుస్తుంది, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉన్న కారులో ఆ తేడా చిన్నది కాదు. మార్చాక నందిగామ దాకా నాన్నే నడిపారు, తిరిగొచ్చాక "స్టీరింగ్ లాగట్లేదురా" అన్నారు. అంతకు మించి నాకేం కావాలి.

రెండూ కలపకండి. ముందు ఒక రకం వెనక ఒక రకం వేసి "తర్వాత చూద్దాం" అంటే మలుపులో కారు ఎటు పోతుందో చెప్పలేం. స్టెప్నీతో కలిపి అయిదూ ఒకేసారి మార్చేయాలి.

కొనేటప్పుడు గోడ మీద నాలుగంకెల తేదీ చదవండి: 2324 అంటే 2024లో 23వ వారం. ఒక షాపులో బిల్లు వేసేముందు చూస్తే నాలుగేళ్ల క్రితం సరుకు. డిస్కౌంటు ఎందుకంత ఇస్తున్నారో అప్పుడు అర్థమైంది, వద్దని వచ్చేశాను. ఏడాదికి పెద్దగా తిరగని కారుకి వయసే ముఖ్యం, తాజా సరుకు కోసం వారం ఆగినా తప్పులేదు.

ట్యూబుల సంగతి. పాత రిమ్ములో ట్యూబ్‌లెస్ టైరు అంచుని పట్టి ఉంచే గట్టు ఉండదు, కాబట్టి టైరు మీద ట్యూబ్‌లెస్ అని ఉన్నా ట్యూబు వేయించాల్సిందే, అదీ రేడియల్‌కి పనికొచ్చేది, సరైన సైజుది. టైరు లోపల కాగితం స్టిక్కర్లు ఉంటాయి, మా పంచర్ షాపు అన్న వాటిని వేలితో గీకి తీసి, లోపలంతా చెయ్యి పెట్టి తడిమి, పౌడరు చల్లాకే ట్యూబు దూర్చాడు. ఆ స్టిక్కరు అంచు ఎండల్లో ట్యూబుని రాసి రాసి పంచర్ చేస్తుందట. రిమ్ము లోపల తుప్పుంటే అదే టైములో గీకించి రంగు వేయించండి.

గాలి నేను 28తో మొదలుపెట్టాను, వెనక మనుషులు, సామాను ఉంటే 30. రేడియల్ కింద కొంచెం ఉబ్బినట్టు కనపడుతుంది, అది చూసి గాలి తగ్గిందనుకుని బంకులో 36 కొట్టించేస్తారు చాలామంది. గేజి చూడండి, టైరు ఆకారం కాదు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు చేయించి, వంద కిలోమీటర్లు తిరిగాక చక్రాల బోల్టులు మళ్లీ ఒకసారి బిగించుకోండి.