ఫైన్‌తో పోయేదాన్ని జైలు దాకా లాక్కెళ్లే డబ్బా

పోలీసుల కళ్లుగప్పే పరికరాలు కారుకు బిగించుకునేవాళ్లు ముందు అడిగేది "దొరికితే ఎంత ఫైన్?" అని. అడగాల్సింది అది కాదు. అతివేగం ఒక కేసు, దాన్ని దాచడానికి పెట్టిన వస్తువు ఇంకో కేసు. రెండోదే ఎక్కువగా ముంచుతుంది.

డిటెక్టర్ వేరు, జామర్ వేరు. మొదటిది వేగం కొలవడానికి పోలీసులు వదిలే రాడార్ తరంగాన్ని పసిగట్టి కూస్తుంది, అంతే. రెండోది ఎదురు సంకేతం వదిలి కొలతను చెడగొడుతుంది. అమెరికాలో సొంత కార్లలో డిటెక్టర్‌కు చాలా రాష్ట్రాల్లో అడ్డు లేదు. రాడార్ జామర్, జీపీఎస్ జామర్ మాత్రం దేశమంతటా నిషేధం. జీపీఎస్ సంకేతం 20,000 కిలోమీటర్ల పైనుంచి వస్తుంది, నేలకు చేరేసరికి మహా బలహీనం. జేబులో పట్టే జామర్ కూడా చుట్టుపక్కల అందరి సంకేతాన్నీ తినేస్తుంది. కంపెనీ ట్రాకింగ్ తప్పించుకోవాలని ఒక డ్రైవర్ వాడిన జామర్ నెవార్క్ విమానాశ్రయం పరికరాలకు అడ్డుపడితే, 2013లో అతనికి వేయజూపిన జరిమానా 31,875 డాలర్లు.

లేజర్ కాంతితో వేగం కొలిచే గన్‌ది ఇంకో తమాషా. జామర్ దెబ్బకు గన్ వేగం చూపదు, ఎర్రర్ చూపిస్తుంది. వీడియో మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఇంగ్లండ్‌లో జామర్ బిగించుకున్న ఒకాయన పోలీసుల కెమెరా వ్యాన్ల ముందు నుంచి పోతూ నడివేలు చూపించాడు. వేగం పడలేదు, వేలు పడింది! తర్వాత జామర్‌ను ఏట్లో పారేసినా లాభం లేకపోయింది. 2018లో 8 నెలల జైలు, ఏడాది డ్రైవింగ్ నిషేధం. అభియోగం అతివేగం కాదు, న్యాయప్రక్రియను పక్కదారి పట్టించడం. అక్కడ దానికి గరిష్ఠ శిక్ష యావజ్జీవం. మామూలు అతివేగమైతే 100 పౌండ్ల జరిమానా, లైసెన్సు మీద 3 పెనాల్టీ పాయింట్లతో పోయేదే.

స్విచ్చు నొక్కితే తిరగబడి నంబరు దాచే ప్లేట్‌దీ అదే కథ. ప్లేటు మీద బురద ఉంటే "చూసుకోలేదు" అనొచ్చు. వెనక మోటారు, డాష్‌బోర్డు కింద స్విచ్చు దాకా వైరు ఉంటే ఏమంటారు? కావాలనే చేశారనడానికి ఆ వైరే సాక్ష్యం.

పోలీసులు ఆపమన్నాక పారిపోతే అది మళ్లీ వేరే కేసు. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆ పరుగులో లైసెన్సు మీద పాయింట్లు పడే ఉల్లంఘనలు మూడు చేస్తే చాలు, ప్రాణాలను లెక్కచేయని డ్రైవింగ్ కిందికి వస్తుంది, రాష్ట్ర జైలుకు పంపొచ్చు.

పాత కారు కొనేవాళ్లు బంపర్ గ్రిల్, ప్లేటు వెనక, డాష్‌బోర్డు కింద ఇలాంటివి ఉన్నాయేమో వెతుక్కోండి. స్విచ్ ఆపేస్తే సరిపోదు, ఊడదీయించండి. డిటెక్టర్‌ను నిషేధించిన అమెరికా రాష్ట్రం వర్జీనియాలో అది పనిచేస్తోందని ప్రాసిక్యూషన్ నిరూపించక్కర్లేదు. కరెంటు అందకుండా, చేతికి అందకుండా ఉంటేనే మినహాయింపు.